వదినతోని రోజూ గంట

చపాతీలు ఒత్తుకుంటనే నా చెవి బాత్రూం దిక్కు ఉంటది. నల్లా నీళ్ళు బకెట్ల పడుతున్న చప్పుడు, నల్లా బంద్ చేసిన చప్పుడు, మగ్గు బకెట్‌కు తాకిన చప్పుడు. నల్లా ఆగినంక పది లెక్కపెట్టేలోపట మగ్గు చప్పుడు రాకపోతే నేను పొయ్యి సిమ్ముల పెట్టి, చేతులకు పిండి ఉండంగనే పోయి తలుపు దగ్గర నిలబడి, "అశ్రితా, టవల్ ఉన్నదా?" అంట. లోపటికెళ్ళి "ఉన్నది వదినా" అని వస్తది. టవల్ పొద్దుగాల నేనే పెట్టి ఉంట. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా రోజూ అడుగుత, రోజూ చెప్తది. వాపసొచ్చి పెనం మీద చూస్తే చపాతీ ఒక పక్క మాడి ఉంటది. ఆ మాడింది నా ప్లేట్లకు పోతది.

అశ్రిత నా ఆడబిడ్డ, మా ఆయన మహేష్ చెల్లె. జవహర్‌నగర్ దిక్కున్న ఇంజినీరింగ్ కాలేజీల రెండో సంవత్సరం. నవంబర్‌ల పరీక్ష రాసుకుంట రాసుకుంట ఊపిరాడక హాలు బయటికి ఉరికొచ్చింది. కాలేజీ దగ్గరున్న చెత్త యార్డు వాసనకు తల తిరిగి ఉంటదని తోటి పిల్లలు నీళ్ళు తాగిచ్చి ఆటో ఎక్కిచ్చిన్రు. తెల్లారి మళ్ళ బయల్దేరి గేటు దాక పోయి తిరిగొచ్చింది. ఆ తర్వాత పోనే లేదు. రూంల పరదాలు దించుకొని పండుకునుడు, తినమంటే ఆకలి లేదనుడు. ఒక మాపటీలి నేను చాయ్ పట్టుకపోతే, గోడ దిక్కు మొఖం పెట్టుకొనే అన్నది, "ఇగ లేవకుంట పండుకుంటే ఎంత మంచిగుండు వదినా." సాసర్ల చాయ్ ఒలికింది. ఆ మాట నేను అత్తమ్మకు చెప్పిన. అత్తమ్మ మామయ్యకు చెప్పింది. మామయ్య మహేష్‌కు చెప్పిండు. మహేష్ స్క్రూడ్రైవర్ తెచ్చి బాత్రూం గడియ, ఆమె రూం గడియ రెండూ పీకేసిండు. అయిదు నిమిషాల పని. ఆ గడియల జాగల నన్ను పెట్టిన్రని ఎవరూ అనలేదు. నేను గూడ అనుకోలేదు. మెల్లగ అట్లయిపోయింది.

మా మామయ్య జనార్ధన్ అంటే తూంకుంటల తెలువనోళ్ళు లేరు. ఒకప్పుడు వరి పండిన భూములే ఇప్పుడు ఆయన ప్లాట్లు. లీడర్లతోని తిరిగే మనిషి. "బయటికి పొక్కితే జనార్ధన్ బిడ్డకు మతి లేదంటరు. నోర్లు మూసుకొని ఉండుండ్రి" అన్నడు. మా అత్తమ్మ లక్ష్మీకాంతమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసింది, ముడుపు కట్టింది. మహేష్ అయితే, "ఫోన్ గుంజుకుంటే సెట్ అయితది" అన్నడు. ఫోన్ గుంజుకున్నరు. సెట్ కాలేదు, పది రోజులకు వాపసిచ్చిన్రు.

శామీర్‌పేట్ల వయసు పిల్లల కోసమని ఒక ట్రస్టువాళ్ళు క్లినిక్ నడుపుతున్నరని నేను నౌకరి చేసే ల్యాబుల అమ్మాయి చెప్పింది. సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంల, గుడికని చెప్పి, అశ్రితను స్కూటీ మీద కూసోబెట్టుకొని పోయిన. డాక్టరమ్మ పెద్దామె, జానకీదేవి. అశ్రితతోని గంట సేపు ఒక్కతే మాట్లాడింది. తర్వాత నన్ను లోపటికి పిలిచింది. నిద్రకు చిన్న గోలీ రాసి, ఇంకో చీటీ తీసి, "ఇది మెడికల్ షాపుల నడువది" అని నవ్వింది. ఆ చీటీ రోజారాణికి చూపియ్యాలె. డాక్టరమ్మ రాసింది ఎక్కడ దొరుకుతదో చూసి పిల్లల్ని అక్కడ కలుపుడే రోజారాణి నౌకరి. ఒక పిల్లకు వాలీబాల్ రాస్తరంట, ఒక పిల్లగానికి ముసలోళ్ళకు పేపరు చదివి వినిపిచ్చుడు. వారానికి ఎన్ని సార్లు, ఎన్ని వారాలు అని గోలీలకు రాసినట్లే రాస్తరు. మనిషి నలుగురిలకు పోవాలె, చేతులకు పని ఉండాలె, ఎవలో ఒకలు ఎదురుచూడాలె, గోలీ ఒక్కటే ఆ పని చెయ్యదని డాక్టరమ్మ చెప్పింది.

అశ్రితకు మంగళవారం, శుక్రవారం పొద్దుగాల మొక్కల నర్సరీల రెండు గంటలు రాసింది, పన్నెండు వారాలకు. ఇంకా రోజూ ఒక గంట నడక. "ఎవరితోని నడుస్తవ్?" అని అడిగింది. అశ్రిత నా దిక్కు చూసింది. "వదినతోని" అన్నది. పెండ్లయి మూడేండ్లు. ఆ ఇంట్ల ఒకలు నన్ను కావాలని అడుగుడు అదే మొదలు. డాక్టరమ్మ చీటీ మీద రాసింది, వదినతోని రోజూ గంట. నేను ఆ చీటీని పర్సుల పైసల కన్నా భద్రంగ పెట్టుకున్న.

గుడి అబద్ధం ఎంతసేపు నిలుస్తది. ఆ సాయంత్రమే చాయ్ కాడ మహేష్ నా పర్సులకెళ్ళి చీటీ తీసి పైకి చదివిండు. మామయ్య ముందు నవ్విండు. "నర్సరీలనా? మన భూములల్ల కూలోళ్ళు చేసే పని మన పిల్ల చీటీ రాయిచ్చుకొని చెయ్యాల్నా? గా రోజారాణి ఎవరు? చెరువుల చాపలు పట్టే బక్కయ్య బిడ్డనే గద? నిన్నమొన్నటిదాక వాళ్ళమ్మ మన పొలంల నాటేసింది." అత్తమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు బిడ్డ పానం మీద నిజంగనే భయమున్నది. చీటీ చేతులకు తీసుకొని, చదువురాకున్నా దాని దిక్కే చూసుకుంట అన్నది, "పోనీ తియ్యి. గది గూడ చూద్దాం. నడక వదినతోని అని రాసిన్రంటిరి గద. వదిన ఇంట్ల ఉంటే గద నడిచేది."

అందరు నా దిక్కు చూసిన్రు. నాకు తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీల నౌకరి. గోలీ నీళ్ళల్ల ఎన్ని నిమిషాలకు కరుగుతదో, కరిగినంక అందుల మందు సరిగ్గ ఉన్నదో లేదో పరీక్ష చేసుడు నా పని. కంపెనీ బస్సు ఆరున్నరకు వస్తది, మళ్ళ సాయంత్రం ఆరుకు దించుతది. "అయిదింటికి లేచి నడుస్తం అత్తమ్మా, బస్సు కన్నా ముందే" అన్న. "నిద్ర గోలీ వేసుకునే పిల్ల అయిదింటికి లేస్తదా?" అన్నది. "నర్సరీకి మహేష్ దింపి వస్తడు, పది దాక ఇంట్లనే ఉంటడు గద" అన్న. మహేష్ కొంపల్లిల ఆఫీసు పెట్టుకున్నడు, పోయినప్పుడు పోతడు. ఆయన నేనేదో సంబంధం లేని మాట అన్నట్టు చూసిండు. "ఆడపిల్లల నడుమ నేనేం చేస్త అక్కడ?" అప్పుడు అత్తమ్మ అడిగింది, కోపంగ గాదు, నిజంగనే తెలుసుకుందామని అడిగినట్టు, "పిల్ల పానం కన్నా నీ నౌకరి ఎక్కువనా శ్రీలేఖా?"

ఏం చెప్పినా నేను రాక్షసినయిత. మహేష్ దిక్కు చూసిన. ఆయన చీటీని మడత పెడుతున్నడు. "మూడు నెలలే గద" అన్నడు.

మూడు నెలలు జీతం లేని సెలవు. తర్వాత సీటు ఉంటదో లేదో మాట ఇయ్యలేనని మా మేనేజర్ అన్నడు, చెడ్డోడేం కాదు. ల్యాబ్ కోటు మడిచి బీరువాల పెట్టిన. ఇంట్ల నేను తెచ్చే జీతం గురించి గూడ ఎవరూ ఏమనలేదు. నా నౌకరి వాళ్ళకు కష్టం గాదు, సుఖం గాదు. నేను ఇంట్ల లేని గంటలకు పేరు, అంతే.

నర్సరీ కరీంనగర్ రోడ్డు పక్కన, చెరువుకు ఎదురుంగ. రోజారాణి పంపిన పిల్లలు ఆరుగురు. వాళ్ళకు పని చూపెట్టేది బాలనర్సమ్మ. ఇరవై ఏండ్ల సంది అక్కడ కూలికి చేస్తున్నదంట. చేతులు వేర్ల తీరుగ ఉంటయి. నల్ల కవర్లల్ల మట్టి, ఎరువు నింపి, మడిలకెళ్ళి నారు తీసి ఒక్కొక్క కవర్ల నాటాలె. మొదటి రెండు సార్లు అశ్రిత స్కూటీ దిగనే దిగలేదు. మూడోసారి బాలనర్సమ్మ బంతి నారు కట్ట తెచ్చి ఆమె ఒళ్ళె పెట్టింది. "జర పట్టుకో బిడ్డా, నాకు చేతులు రెండే ఉన్నయి" అని పోయింది. ఎంతకూ రాలేదు. అశ్రిత ఆ కట్ట పట్టుకొని అట్లనే కూసున్నది. ఎండ జరిగింది. నారు వాడుతదేమో అని ఆమె మెల్లగ లేచి నీడకు పోయింది, అక్కడ నీళ్ళ డ్రమ్ము కనపడితే దోసిట్ల పట్టి చల్లింది. బాలనర్సమ్మ దూరంకెళ్ళి చూసి నా దిక్కు కన్ను గీటింది.

ఆ రోజు ఇంటికొస్తుంటే నాకు ఒక ఆలోచన పట్టుకున్నది. పని చేస్తే మనసు తేలికైతదంటున్నరు, నలుగురికోసం చేస్తే ఇంకా తేలికైతదంటున్నరు. మూడేండ్ల సంది నేను నలుగురి చపాతీలు, నలుగురి బట్టలు, నలుగురి అంట్లు చేస్తనే ఉన్న. మరి నాకెందుకు తేలిక కాలేదు? రెండు వారాలు గమనించినంక సమజయింది. నర్సరీల ఏ పిల్లనన్నా "ఇగ చాలు" అంటే బాలనర్సమ్మ "చాలా? సరే కూసో" అంటది. ఎవలన్నా రాకపోతే "ఆ పొడుగు పిల్ల ఏది?" అని అడుగుతది. కవర్లు ఎన్ని నిండినయని ఎన్నడూ అడగది. మా ఇంట్ల అయితే నేను లేనప్పుడు వెతికేది నన్ను గాదు. కారం డబ్బాను, ఇస్త్రీ షర్టును, గ్యాస్ పుస్తకాన్ని వెతుకుతరు.

అశ్రిత మెల్లమెల్లగ తేరుకున్నది. అయిదో వారంల రక్షిత అనే పిల్లతోని దోస్తీ అయింది. ఇద్దరు ఏవో సీరియల్ల మాటలు చెప్పుకొని నవ్వుతుంటే నేను ముఖం తిప్పుకొని కండ్లు తుడుచుకున్న. ఆమె రెండు చపాతీలు తిన్న రోజు మా అత్తమ్మ, "ముడుపు మహిమ" అన్నది. ఒక్క చపాతీ తిని లేచిన రోజు, "ఏమన్న అన్నవా?" అని నన్ను అడిగింది. రూంలకు పోయి పండుకుంటే, "ఇయ్యాల నడక సరిగ్గ నడిచిన్రా?" అని అడిగింది. మహేష్ ఒకసారి నా ముఖం చూసి, "నువ్వు టెన్షన్ పడితే ఆమె గూడ టెన్షన్ పడ్తది. జర నవ్వుకుంట ఉండు" అన్నడు. ఆ మీద నవ్వుడు గూడ నా పనులల్ల కలిసింది.

నాకేమయితున్నదో నాకు సమజ్ కాకపోతుండె. నడకల అశ్రిత మాట్లాడకుంట ఉంటే గుండె దడదడ కొట్టుకునేది. ఆమె ఏ రోజన్నా ఎక్కువ సంతోషంగ కనపడితే ఇంకా భయమయ్యేది, ఎందుకంత సంతోషం అని. నేను బాత్రూంకు పోయినా రెండు నిమిషాలల్ల బయటికి ఉరికొచ్చేదాన్ని. ఒకసారి గిన్నెలు కడుగుతుంటే ఎడమ చెయ్యి వేళ్ళు తిమ్మిరెక్కి గిన్నె జారి పడ్డది. హాల్లకెళ్ళి మామయ్య, "ఏంది గా చప్పుడు, పిల్ల పండుకున్నది" అన్నడు. గుండె జబ్బేమో అనుకున్న. అయినా ఎవరికి చెప్పాలె? ఇంట్ల ఇప్పటికే ఒక పేషంట్ ఉన్నది. ఇంకొకలకు జాగ లేదు.

తొమ్మిదో వారం, శుక్రవారం. ఎండలు ముదిరినయి. నా ఫోన్ మోగింది, అత్తమ్మ. "చింతపండు ఏ డబ్బాల పెట్టినవ్?" నర్సరీల లారీ చప్పుడుకు వినపడక గేటు దాక వచ్చిన. చింతపండు చెప్పిన, తర్వాత కొత్త బియ్యం సంచి ఎక్కడున్నదో చెప్పిన, తర్వాత మామయ్య షుగర్ గోలీలు. వాపసు పోయి చూస్తే అశ్రిత లేదు. ఆమె కూసునే జాగల సగం నింపిన కవరు ఉన్నది. బాలనర్సమ్మ గూడ కనపడలేదు. చెవులల్ల పాటలు పెట్టుకున్న ఒక పిల్లగాన్ని అడిగిన, తెలువదన్నడు. రక్షిత ఆ రోజు రాలేదు. అశ్రిత నంబరుకు కొట్టిన. ఫోన్ అక్కడనే, ఆమె సంచిలనే మోగింది.

రోడ్డు ఆవల చెరువు.

ఎట్ల దాటిననో యాదికి లేదు. బస్సు ఒకటి హారన్ కొట్టుకుంట నా ముందటికెళ్ళి పోయింది. కట్ట మీద ఉరికిన, ఒక చెప్పు ఎక్కడ్నో ఊడింది. నీళ్ళు ఎండకు మెరుస్తుంటే కండ్లు నిలువలేదు. దూరంగ ఇద్దరు చాపల వలలు సదురుతున్నరు. ఎర్ర చున్నీ పిల్లను చూసిన్రా అని అరిచిన. ఇద్దరూ తలకాయ అడ్డం ఊపిన్రు. మహేష్‌కు ఫోన్ చేసిన. "అశ్రిత కనపడ్తలేదు" అన్న. ఆయన, "నువ్వేం చేస్తున్నవ్ అక్కడ?" అన్నడు. "అత్తమ్మ ఫోన్ చేస్తే..." అన్న. "ఒక్క పని, శ్రీలేఖా. ఒక్క పని చెప్పినం నీకు."

ఫోన్ చేతులకెళ్ళి జారింది. గాలి నోట్ల దాక వచ్చి అక్కడనే ఆగిపోతున్నది. ఎంత గుంజినా లోపటికి పోతలేదు. చేతులు రెండు కొయ్యబారినయి. కట్ట రాళ్ళ మీద కూలబడ్డ. చెప్పడానికి సిగ్గయితున్నది గని చెప్తున్న. ఆ నిమిషంల నా తలకాయల మెదిలిన మొదటి మాట అశ్రిత గాదు. వాళ్ళకు ఏం చెప్పాలె అన్న మాట. నీళ్ళు గాదు, ఆ పిల్ల మొఖం గాదు, మా ఇంటి హాలు, సోఫాల కూసున్న మూడు మొఖాలు కనపడ్డయి. పానం పోతున్నదనే అనుకున్న. ఇట్ల పోతే ఇగ ఎవరికీ ఏం చెప్పనవసరం లేదు గద అని గూడ అనుకున్న.

"వదినా! వదినా!"

అశ్రిత ఉరికొస్తున్నది. చున్నీ నడుముకు కట్టుకున్నది. ఆమె వెనుక రొప్పుకుంట బాలనర్సమ్మ. నర్సరీ వెనుక గేటుకెళ్ళి పక్క సందుల స్కూలుకు ట్రాలీ ఆటోల చెట్లు ఎక్కిచ్చి దించి వచ్చిన్రంట ఇద్దరు. పోయేటప్పుడు పాటల పిల్లగానికి చెప్పే పోయిందంట. అశ్రిత నా ముందర మోకాళ్ళ మీద కూసున్నది. మట్టి చేతులతోనే నా రెండు చేతులు పట్టుకున్నది.

"గాలి గుంజకు వదినా. వదులు. మెల్లగ వదులు. నా దిక్కు చూడు. నాతోని వదులు. ఇది పానం తియ్యదు. తీస్తదనే అనిపిస్తది, తియ్యదు. నాకు తెలుసు."

ఎంతసేపు పట్టిందో. బాలనర్సమ్మ కొంగు తడిపి నా మెడ తుడిచింది. ఊపిరి తిరిగినంక అశ్రిత నా పక్కన రాయి మీద కూసున్నది. "నేను చెరువుల పడ్డననుకున్నవా?" అని అడిగింది. నేను తలూపిన. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఆమె నీళ్ళ దిక్కు చూసుకుంట అన్నది, "నేను స్నానం చేస్తుంటే నువ్వు బయట లెక్కపెడుతవ్ గద. నేను గూడ లోపట లెక్కపెడుత. పది కాకముందే మగ్గు కొడుత, నువ్వు భయపడుతవని. నెత్తి మీద నీళ్ళు పోసుకొని జరసేపు నిలబడదామంటే గూడ ధైర్యం చాలది వదినా."

ఆమెకు కాపలా కాస్తున్ననని అనుకున్న. ఆమె నాకు కాపలా కాస్తున్నదని నాకెవరు చెప్పాలె?

ఇంటికొచ్చేసరికి సోఫాల మూడు మొఖాలు ఉండనే ఉన్నయి. మహేష్ ముందే ఫోన్‌ల చెప్పేసిండు. "నేను చెప్పే పోయిన నాయినా" అన్నది అశ్రిత. మామయ్య ఆమె మాట విననట్టే నాతోని అన్నడు, "రేపటి సంది నర్సరీ బంద్, క్లినిక్ బంద్. పొద్దున పోయి ఆ బక్కయ్య బిడ్డకు చెప్పి ఫైల్ తెచ్చెయ్." అత్తమ్మ నిట్టూర్చింది. "ఇంట్లనే ఉంటది తియ్యి. శ్రీలేఖ చూసుకుంటది." మూడు నెలలు అన్న మాట అప్పుడే మాయమయింది. ఇగ దానికి ఆఖరు తారీఖు లేదు.

తెల్లారి ఫైల్ కోసం పోయిన. ఫైల్ అడిగితే రోజారాణి వెంటనే ఇయ్యలేదు. తలుపు దగ్గరికేసి కుర్చీ చూపెట్టింది. "బాలనర్సమ్మ చెప్పింది నిన్నటి సంగతి. గట్ల ఇంతకుముందు ఎన్నిసార్లయింది అక్కా నీకు?" అన్నది. నా కన్నా పెద్దదే అయి ఉంటది, అయినా అక్కా అన్నది, మా ఇంటి పేరుకు భయపడో, అలవాటో. "నాలుగైదు సార్లు" అన్న. "ఎవరికి చెప్పినవ్?" "ఎవరికీ చెప్పలె." ఆమె సొరుగుల నుంచి కొత్త ఫారం తీసింది. పేరు రాసింది. "వయసెంత?" అన్నది.

"ఇరవై నాలుగు."

పెన్ను ఆగింది. తలెత్తి నా దిక్కు చూసింది. "మా దగ్గర ఇరవై అయిదు దాక చూస్తరు" అన్నది. ఫారం పక్కకు జరిపి, "వచ్చినప్పుడల్లా నువ్వు బయట బెంచి మీద, పిల్లల్ని తోలుకొచ్చే తల్లుల పక్కన కూసుంటివి. నీ వయసు నేను ఒక్కసారి గూడ అడగలె. నిన్ను చీటీ మీద రాసినం గని నువ్వెట్లున్నవో చూడలె. మా తప్పే అక్కా."

నాకు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. ఇరవై నాలుగు. మా ల్యాబుల నా కన్నా పెద్దోళ్ళు ఇంకా హాస్టళ్ళల్ల ఉండి, ఆదివారం సినిమాలకు పోతరు. నేను ఎప్పుడు అంత ముసలిదాన్నయిన?

డాక్టరమ్మ అంతా విన్నది. నిన్నటిది గుండె జబ్బు గాదన్నది, అయినా ఒకసారి పరీక్ష చేయిచ్చుకొమ్మని రాసింది. "ఇప్పుడు చెప్పు, నీకేం రాయాలె? దేంట్ల చేరుతవ్? పాటలా, ఆటలా, కుట్టుడా? నీకేం చేస్తే మంచిగనిపిస్తది?" అని అడిగింది. నేను చాలాసేపు వెతుక్కున్న. నాకేం ఇష్టమో ఎవరూ అడగకపోతే అది ఎటు పోతదో తెలువది. చివరకు తెల్లకోటు యాదికొచ్చింది. ల్యాబుల మధ్యాహ్నం మూడింటికి ఏసీ గాలిల, గాజు గిన్నెల ముందర, ఎవరూ ఏం అడగని ఆ నిమ్మళం యాదికొచ్చింది. "నాకు నా నౌకరి కావాలె మేడమ్. అదొక్కటి రాయుండ్రి" అన్న. ఆమె నవ్వలేదు. "రాస్త. మరి అశ్రిత నడక?" అన్నది. "ఆమెతోని నేనూ నడుస్త, ఆదివారాలు. రోజూ నడవడానికి ఇంకొకలను రాయుండ్రి." ఎవరిని రాయాలె అని అడిగితే చెప్పిన. ఆమె రాసింది.

బయటికొచ్చి స్కూటీ మీద కూసొనే మేనేజర్‌కు ఫోన్ చేసిన. నా సీటు ఇంకా ఖాళీగనే ఉన్నదన్నడు. "సోమవారం వస్తవా?" అన్నడు. "వస్త సార్" అన్న. ఇంకొక ఫోన్ చేసిన, ఇంట్ల ఉన్న అశ్రితకు. మొత్తం చెప్పిన. "బస్సుల నేను ఒక్కదాన్ని పోవచ్చా నర్సరీకి?" అన్నది. "భయమైతే రోజారాణి స్టాపుల నిలబడుతదంట" అన్న. "భయమే. అయినా పోత" అన్నది.

ఆదివారం పొద్దున, ఇడ్లీలు పెట్టి, నేను గూడ ప్లేట్ తెచ్చుకొని వాళ్ళ పక్కన కూసున్న. అత్తమ్మ నా ప్లేట్ దిక్కు చూసింది. నీళ్ళు తాగిన. "ఫైల్ తేలేదు మామయ్యా" అన్న. "సోమవారం సంది నేను డ్యూటీకి పోతున్న. అశ్రిత నర్సరీకి బస్సుల పోతది. రోజూ నడక అత్తమ్మతోని."

మహేష్ ఇడ్లీ తుంచేది ఆపిండు. "ఎవర్ని అడిగి చేసినవ్ ఇదంతా?" అన్నడు మామయ్య.

"అశ్రితను అడిగిన."

అందరు ఆ పిల్ల దిక్కు చూసిన్రు. ఆ పిల్ల తల దించుకోలేదు. "నన్ను అడిగింది నాయినా. నేను సరే అన్న" అన్నది. మామయ్య లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయిండు, ప్లేట్ల ఇడ్లీ అట్లనే వదిలేసి. మహేష్ నా దిక్కు వంగి, "తర్వాత మాట్లాడుదాం" అన్నడు. "ఇప్పుడే మాట్లాడు" అన్న. ఆయన మళ్ళ ఇడ్లీ తుంచిండు.

అత్తమ్మ గొంతు చిన్నగ వచ్చింది. తిట్టే గొంతు గాదు. "రేపు పిల్లకేమన్న అయితే?"

ఆ ప్రశ్నతోని నేను నాలుగు నెలలు లేచిన, వండిన, నడిచిన, నవ్విన. దాన్ని పైకి అనుడు మాత్రం ఇదే మొదలు. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. ఆ చెయ్యి గూడ సల్లగ, చెమటతోని తడిసి ఉన్నది. ఆమె గూడ ఎన్ని రోజుల సంది ఒక్కతే లెక్కపెడుతున్నదో నేనెన్నడూ అడగలేదు.

"అయితే మనందరికీ అయితది అత్తమ్మా. నా ఒక్కదానికే కాదు."

అత్తమ్మ ఇంకో చేత్తోని చట్నీ గిన్నె పక్కకు జరిపింది. "నేను ఆ గేటు దాటి నడుసుకుంట పోక ఇరవై ఎనిమిదేండ్లయింది" అన్నది. "పోతే కారు, లేకుంటే లేదు. ఆ రోడ్డు మీద ఒక్కదాన్ని ఎట్ల నడవాలె?"

అశ్రిత ఇంకో ఇడ్లీ వేసుకున్నది.

"ఒక్కదానివెందుకమ్మా," అన్నది, "నేనుంట గద."